అద్దం మీద చదరం

బాస్కెట్‌బాల్ కోర్టుకి ఎడమ పక్కన, రింగుకి ఏటవాలుగా నిలబడి బంతి అందుకుంటాడు. అందుకుని ఆగుతాడు. అతను ఏం చేయబోతున్నాడో ఎదురుగా కాపు కాస్తున్నవాడికి తెలుసు. గ్యాలరీ చివరి వరసలో కూర్చున్నవాడికీ తెలుసు. అయినా ఆపే దారి లేదు. బంతిని మొహానికి ఎదురుగా ఎత్తి వేళ్ల కొసల నుంచి వదులుతాడు. అది రింగు వైపు వెళ్లదు. రింగు వెనక అద్దపు పలక మీద తెల్లగా గీసిన చదరం పైమూలను తాకుతుంది. అక్కడితో దాని ఆత్రం తీరిపోతుంది. ఇంటికి తిరిగొచ్చిన మనిషిలా మెత్తగా వలలోకి దిగుతుంది. టిమ్ డంకన్ అప్పటికే వెనక్కి పరుగెడుతుంటాడు. మొహంలో ఏ మార్పూ ఉండదు.

దీన్ని బ్యాంక్ షాట్ అంటారు. క్యారమ్స్ ఆడినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కాయిన్ నేరుగా పడే వీలు లేనప్పుడు పక్క చెక్కకు కొట్టి తిప్పి తెస్తామే, అదే లెక్క. ఆ చదరం వెడల్పు 24 అంగుళాలు, ఎత్తు 18 అంగుళాలు. అందులో ఎక్కడ తాకితే బంతి ఎటు మళ్లుతుందో ఆట నేర్చుకునేటప్పుడు మొదట్లోనే చెబుతారు. కుర్రాళ్లు అంత తొందరగానూ మర్చిపోతారు, అందులో దర్జా లేదు కాబట్టి. అద్దం ఊసే లేకుండా, రింగుకైనా తగలకుండా వలలో పడితేనే ఈలలు. 6 అడుగుల 11 అంగుళాల ఈ మనిషి మాత్రం ఆ మొదటి పాఠాన్నే శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టులో 19 సీజన్లు దిద్దాడు. ప్రత్యర్థి ఆటగాడు షకీల్ ఓనీల్ అతనికి పెట్టిన పేరు ‘బిగ్ ఫండమెంటల్’. ఓనమాల్లో ఉద్దండుడన్నమాట.

స్వభావోక్తి గురించి మన ఆలంకారికులకి పాత తగువు ఒకటుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెబితే అది అలంకారమేనా? దండి దానికి మొదటి పీట వేశాడు. కుంతకుడు ఒప్పుకోలేదు. స్వభావమే అలంకారమైతే ఇక అలంకరించడానికి ఏం మిగిలిందని నిలదీశాడు. కావ్యానికి వక్రోక్తే ప్రాణమన్నాడు. డంకన్ ఆట చూసినప్పుడల్లా ఇద్దరూ నెగ్గారనిపిస్తుంది నాకు. బంతి నడిచేది వంకర దారి. కంటికి మాత్రం అంతకన్నా తిన్ననైన మాట లేదు. అతని ఆట చప్పగా ఉంటుందని ఏళ్ల తరబడి విసుక్కున్నవాళ్లకి ఆ వంకర కనబడలేదు. కనబడకుండా దాచడమే అతని పనితనం.

ఈ నిదానం నీళ్లలోంచి వచ్చిందని నా అనుమానం. కరీబియన్ సముద్రంలో సెయింట్ క్రోయి దీవి అతనిది. 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదే పిల్లవాడు. అక్క ట్రిషియా 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఈదింది. 1989లో హ్యూగో తుపాను వచ్చి, దీవిలో ఒలింపిక్ కొలతలున్న ఒకే ఒక్క ఈతకొలనును ధ్వంసం చేసింది. సముద్రంలో సాధన చేద్దామంటే సొరచేపల భయం. మరుసటి ఏడు, అతనికి 14 నిండడానికి సరిగ్గా ఒక రోజు ముందు, తల్లి క్యాన్సర్‌తో పోయింది. ఆ తర్వాతే బంతి పట్టాడు. చదువు పూర్తి చేస్తానని తల్లికిచ్చిన మాట కోసం, కోట్లు పిలుస్తున్నా వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్లూ చదివి, 1997లో గానీ ఎన్‌బీఏ లీగ్ గడప తొక్కలేదు. దూరం ఈదేవాడికి మొదటి పాతిక మీటర్లలో ఊపిరి తగలెయ్యకూడదని తెలుసు. డంకన్ అడుగుల్లో ఆ పొదుపు చివరిదాకా ఉంది. ఎగరాల్సినంతే ఎగిరేవాడు. ఎదుటివాడి షాట్‌ను అడ్డుకున్నప్పుడు కూడా బంతిని ప్రేక్షకుల్లోకి బాదకుండా, తనవాడి చేతికి అందేలా తట్టేవాడు.

2003 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చూడండి. 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్టులు, 8 బ్లాకులు. ఇన్ని జరిగాయని మ్యాచ్ అయ్యాక అంకెలు చూస్తే తప్ప తెలియదు. చూస్తున్నంతసేపూ ఎవరో ఇల్లు సర్దుతున్నట్టే ఉంటుంది.

ఒక్క లోపం చెప్పకపోతే పొగడ్తకి రుచి ఉండదు. ఎవరూ అడ్డులేని ఫ్రీ త్రో గీత దగ్గర తడబడేవాడు. కెరీర్ మొత్తమ్మీద వందకి 70 కూడా పడలేదు. మీద పడి తోసేవాడు ఒకడుంటే గానీ అతని చేయి కుదురుకోదేమో!

ఇక మొహం. 2007లో బెంచి మీద కూర్చుని నవ్వినందుకు ఒక రిఫరీ అతన్ని మ్యాచ్ నుంచి బయటికి పంపాడు. నవ్వడనే పేరున్న మనిషికి నవ్వినందుకు శిక్ష! ఆ రిఫరీని లీగ్ ఆ సీజన్ మిగతా రోజులకి సస్పెండ్ చేసిందనుకోండి. ఆరేళ్లకి, 2013 ఫైనల్స్ ఏడో మ్యాచ్ మయామీలో, మయామీ జట్టుతోనే. నిమిషం కూడా లేదు, తేడా రెండే పాయింట్లు. రింగు పక్కనే, వేలసార్లు వేసినంత దగ్గర్లో, డంకన్ వేసిన బంతి పడలేదు. తిరిగొచ్చిన బంతిని తట్టాడు, అదీ పడలేదు. వెనక్కి వచ్చి వంగి, రెండు చేతులతో నేలను చరిచాడు. మరొకరు చేస్తే రోజువారీ ముచ్చట. అన్నేళ్లు చుక్క తొణకనివాడు చరిస్తే చూసేవాడి గుండె ఆగుతుంది. మరుసటి ఏడు అదే మయామీని స్పర్స్ 4-1తో ఓడించింది. 1999, 2003, 2005, 2007 తర్వాత అది అతని ఐదో టైటిల్. గెలుపు బాగుంది. నేను మాత్రం మళ్లీ మళ్లీ చూసేది ఆ చరుపునే.

2016 జూలై 11న జట్టు ఒక ప్రకటన విడుదల చేసింది, డంకన్ రిటైరయ్యాడని. ఊరూరా వీడ్కోలు సభలు లేవు, కానుకలు లేవు. అదే ఏడు అంతకుముందే మరో మేటి ఆటగాడు కోబీ బ్రయంట్ తన చివరి మ్యాచ్‌లో 60 పాయింట్లు కొట్టి వెళ్లాడు. అదొక ప్రబంధం, దాని సొగసు దానిది.

డంకన్ ఆట మొదలుపెట్టే తీరు కూడా చూసి తీరాలి. జంప్ బాల్‌కి ముందు, అరుపుల మధ్య, వలయంలో నిలబడి బంతిని రెండు చేతులా గుండెకి హత్తుకునేవాడు. కళ్లు మూసుకునేవాడు. పడుకున్న బిడ్డను ఎత్తుకున్నట్టు కాసేపు అలాగే ఉండి, తర్వాత దాన్ని రిఫరీకి ఇచ్చేవాడు.