రెజ్యూమెలో కనిపించని మెండోర

ఏం తయారుచేయాలి, ఎవరి కోసం చేయాలి, ఏది ముందు ఏది తర్వాత అని తేల్చే మనిషి ప్రోడక్ట్ మేనేజర్. కోడ్ రాసేది ఇంజినీర్లు, తెర మీద రూపం గీసేది డిజైనర్లు, అమ్మేది సేల్స్ వాళ్లు. వీళ్లలో ఎవరూ ఆయన కింద పనిచేయరు. తీరా వస్తువు జనానికి అక్కరకు రాకపోతే అందరూ ఆయననే వేలెత్తి చూపుతారు. ఈ కొలువు పుట్టింది సాఫ్ట్‌వేర్‌లో కాదు, సబ్బుల కంపెనీలో. కేమే సబ్బు తమ కంపెనీదే అయిన ఐవరీ సబ్బు చాటున నలిగిపోతోందని, ఒక్కో సరుకు మంచిచెడ్డలు చూసుకోవడానికి ప్రత్యేకంగా మనుషులు ఉండాలని ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ ఉద్యోగి నీల్ మెకెల్‌రాయ్ 1931 మే 13న మూడు పేజీల నోట్ రాశాడు. ఆయనే తర్వాత ఆ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు, ఆపైన అమెరికా రక్షణ మంత్రి కూడా అయ్యాడు. మూడు పేజీలు కుదురుగా రాయడం వచ్చినవాడు ఎక్కడికైనా పోగలడని ఈ శీర్షిక ఎప్పటినుంచో నమ్ముతోంది.

ఈ కొలువులు హైదరాబాద్‌లో లేకపోలేదు. మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. అమెజాన్ 2019లో తన అతి పెద్ద కార్యాలయ భవనాన్ని ఇక్కడే ప్రారంభించింది. అయినా ఇంటర్వ్యూ పిలుపు రావడమే గగనం. అరడజను నుంచి పదిమంది ఇంజినీర్లకు ఒక ప్రోడక్ట్ మేనేజర్ సరిపోతారు కాబట్టి ఖాళీలే తక్కువ. అందులో కొత్తవాళ్లను తీసుకునే చోట్లు మరీ తక్కువ. మరిస్సా మేయర్ 2002లో గూగుల్‌లో మొదలుపెట్టిన అసోసియేట్ ప్రోడక్ట్ మేనేజర్ పథకం లాంటివి ఉన్నా వాటికి తొక్కిసలాటే. మిగతా కంపెనీలు అనుభవం అడుగుతాయి, ఆ అనుభవమేమో కొలువు దొరికితేగానీ రాదు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదన్నట్టు ఉంటుంది వ్యవహారం.

పెద్ద బిజినెస్ స్కూళ్లలో చదివేవాళ్లకు కంపెనీలే గుమ్మంలోకి వస్తాయి కనుక వాళ్ల సంగతి ఇక్కడ అక్కర్లేదు. మిగతావాళ్లు ముందుగా పట్టేది కంపెనీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు దారి. అది తేలిక కాబట్టే రద్దీ కూడా అక్కడే. ఒక్కో రెజ్యూమె మీద రిక్రూటర్ చూపు నిలిచేది కాసేపే. తర్వాతిది రిఫరల్: లోపల పనిచేసే ఉద్యోగి తనకు తెలిసినవారి పేరును కంపెనీ సొంత పోర్టల్‌లో ఎక్కిస్తాడు, ఆ మనిషి చేరితే చాలా కంపెనీలు పేరు ఎక్కించిన ఉద్యోగికి బోనస్ ఇస్తాయి. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టుపక్కల పల్లెలకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ముందు దుబాయ్ చేరినవాడు వెనకవాళ్లకు కంపెనీ పేరు, క్యాంపు పేరు, ఏజెంటు బండారం చెప్పడంతోనే ఊళ్లకు ఊళ్లు గల్ఫ్ దారి పట్టాయి. తేడా ఒక్కటే. ఇక్కడ రిఫరల్ కాగితాన్ని తెరిపిస్తుంది, అంతవరకే. తెరిచాక లోపల ఏముందన్నదే అసలు సంగతి.

ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో ఈ వారం ఈ శీర్షిక చేతికి వచ్చిన ఒక రెజ్యూమె చూపింది. రాసింది అదే జిల్లాలోని మెండోర కుర్రాడు. ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కస్టమర్ సపోర్ట్‌లో చేస్తున్నాడు. ఆ కంపెనీలోనే ప్రోడక్ట్ మేనేజర్ కావాలని అతని కోరిక. రెండు పేజీల నిండా స్టేక్‌హోల్డర్లతో సమన్వయం, డేటా ఆధారిత నిర్ణయాలు, నాయకత్వ లక్షణాలు. చివర అభిరుచులు: క్రికెట్, సినిమాలు. పైన పేరూ చిరునామా మార్చేస్తే ఆ కాగితం ఎవరిదైనా కావచ్చు. ఇంటి దగ్గర పసుపు చేను ఉందన్న మాట ఎక్కడా లేదు. ఊరు చెప్పుకుంటే చులకనవుతామన్న బెంగ మీద ఈ శీర్షిక రుసరుసలాడటం పాఠకులకు అలవాటే. ఈసారి ఆ రుసరుసకు గట్టి కారణమే దొరికింది.

మెండోర, బాల్కొండ, ఆర్మూర్ చేలల్లో తొమ్మిది నెలలు పెరిగిన పసుపును తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఎండబెట్టి, డ్రమ్ములో పాలిష్ పట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెస్తారు. కొమ్ము వేరు, మండ వేరు, ధరలూ వేరే. దేశవ్యాప్త ఆన్‌లైన్ వేలం కోసం 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడతలోనే ఈ యార్డు ఉంది. గేటు దగ్గర బస్తాల లెక్క రాసుకుని లాట్ నంబరు ఇస్తారు. సరుకు చూసుకున్న వ్యాపారులు కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ధర వేస్తారు. గడువు ముగిశాక ఎక్కువ వేసినవాడి పేరు తేలుతుంది. ఆ తర్వాత కాంటా, హమాలీ, చేతికి తక్‌పట్టీ అనే లెక్కల చీటీ. కాగితం మీద చూస్తే ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఉండదు. ఎవరు ఎంత వేశారో ఎదుటివాడికి తెలియదు, కూడబలుక్కోవడం కష్టం, ధర దాచడం ఇంకా కష్టం.

మరి ఈ ప్రాంతపు రైతులు లారీ కిరాయి పెట్టుకుని మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పసుపు తీసుకెళ్లడం ఎందుకు? ప్రోడక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలన్నీ ఈ జాతివే. తెర మీద బటన్ రంగు మార్చాలనడం తొందరపాటు జవాబు. అక్కడ కొనేవాళ్లు ఎక్కువని, పోటీ ఎక్కువని చెప్పడం కాస్త మెరుగు. యార్డులో ఒక పూట నిలబడ్డవాడికి ఇంకో సంగతి తెలుస్తుంది: సాంగ్లీ దాకా వెళ్లే వీలు అందరికీ లేదు. విత్తనానికో ఎరువుకో ఇంట్లో పెళ్లికో కమీషన్ ఏజెంటు దగ్గర ముందే అప్పు తెచ్చుకున్న రైతు, ఎక్కడ ఎక్కువ ధర పలికినా సరుకును ఆ ఏజెంటు దుకాణంలోనే దించాలి. అతనికి ధరలు చూపించే యాప్ వల్ల ఒరిగేది కొంచెమే. ధర తెలియడం వేరు, ఆ ధరకు అమ్ముకునే వీలుండటం వేరు. తేమ ఎంతుందో, కర్కుమిన్ శాతం ఎంతో కొలిచి చూపినా, కొమ్మును చేత్తో విరిచి చూస్తేగానీ వ్యాపారికి నమ్మకం కుదరదు. దూరపు ఊళ్లవాళ్లు కంటితో చూడని సరుకుకు ధర వేయకపోతే ఆన్‌లైన్ వేలం పేరుకే దేశవ్యాప్తమవుతుంది. అప్పు ముందా, నాణ్యత పరీక్ష ముందా, చెల్లింపు ముందా అని తేల్చుకుని, ఒకదాన్ని ఎంచుకుని, మిగతావాటిని ఎందుకు పక్కన పెట్టారో చెప్పగలిగితే అది ప్రోడక్ట్ మేనేజర్ పనే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. దానివల్ల ఈ ప్రశ్నలు తగ్గవు, ఇంకా పెరుగుతాయి. మెండోర కుర్రాడు చిన్నప్పటినుంచీ వీటి మధ్యే తిరిగి, రెజ్యూమెలో స్టేక్‌హోల్డర్లని రాసి ఊరుకున్నాడు.

ఈ దారిలో నడిచినవాళ్లు ఇదే జిల్లాలో ఉన్నారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బెంగళూరులో ఇంజినీరుగా పనిచేస్తూ 2005 దీపావళికి ఇంటికి వెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క ఆగిపోయాడు. అలాంటప్పుడు అందరూ తిట్టుకుని పడుకుంటారు. ఆయన మాత్రం ఏజెంట్ల దగ్గరికి, బస్సుల యజమానుల దగ్గరికి వెళ్లి సీట్లు ఎలా అమ్ముడవుతున్నాయో అడిగాడు. ఏ బస్సులో ఎన్ని ఖాళీలున్నాయో ఏ ఒక్క ఏజెంటుకూ పూర్తిగా తెలియదని బయటపడింది. మిత్రులతో కలిసి ముందు ఆపరేటర్లకు సాఫ్ట్‌వేర్ ఇవ్వబోతే వాళ్లు పట్టించుకోలేదు. దాంతో తామే టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. అలా 2006లో వచ్చిన రెడ్‌బస్‌ను 2013లో ఇబిబో గ్రూపు కొనుక్కుంది. ఆ కథలో ఎక్కువగా చెప్పుకునేది దీపావళి రాత్రి గురించే. ఉద్యోగార్థికి పనికొచ్చేది మాత్రం ఆపరేటర్లు కాదన్నాక ఏం చేశారన్నది.

కాబట్టి రెజ్యూమెలో ఉండాల్సింది చూసిన సమస్య, మాట్లాడిన మనుషులు, తీసుకున్న నిర్ణయం, దాని ఫలితం. సపోర్ట్‌లో పనిచేసేవారికి ఇది మరీ తేలిక. ఏ ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోందో, ఏ సూచన తర్వాత తగ్గిందో వాళ్ల చేతిలోనే ఉంటుంది. కంపెనీ గుట్టు బయటపెట్టకుండా రాస్తే చాలు. రిఫరల్ అడిగే సందేశం కూడా పొట్టిగా ఉండాలి: ఫలానా పోస్టు, దానికి తాను ఎందుకు సరిపోతాడో రెండు వాక్యాలు, ఒక లింకు. "అన్నా, ఏదైనా ఉంటే చూడు" అన్న సందేశానికి ఏ అన్నా ఏమీ చూడలేడు.

ఇక మనసుపడ్డ కంపెనీ సంగతి. ఒకే కంపెనీ మీద ఆశ పెట్టుకోవడం తెలివితక్కువ అని ఈ శీర్షిక చాలాసార్లు వాదించింది. ఈ కొలువు దగ్గర ఆ వాదన నిలవదు. యాభై కంపెనీలకు ఒకే కాగితం పంపేవారికి ఏ ఒక్క వస్తువూ లోతుగా తెలియదు. ఒక్కదాన్ని కోరుకునేవారు దాన్ని రోజూ వాడతారు, వాడేవాళ్లను అడుగుతారు, ఎక్కడ విసుగు పుట్టిస్తోందో రెండు పేజీల్లో రాసిపెట్టుకుంటారు. ఆ రెండు పేజీలు రిక్రూటర్‌కు కాకుండా ఆ వస్తువు మీద పనిచేసే ప్రోడక్ట్ మేనేజర్‌కు చేరితే పిలుపు వచ్చే అవకాశం ఎక్కువ. ఇంకో దారి లోపలినుంచే. ఇంజినీరింగ్, సపోర్ట్, అనలిటిక్స్ విభాగాల నుంచి ప్రోడక్ట్ విభాగానికి మారినవాళ్లు ప్రతి పెద్ద కంపెనీలోనూ కనిపిస్తారు. మెండోర కుర్రాడు కోరుకున్న కంపెనీలోనే ఉన్నాడు. అతనికి కావాల్సింది కొత్త రెజ్యూమె కన్నా, పక్క విభాగం మేనేజర్‌తో అరగంట మాట, సపోర్ట్ టికెట్ల నుంచి తీసిన ఒక నోట్. చాలా చోట్ల ఇలా మారడానికి ప్రస్తుత పోస్టులో కొంతకాలం పూర్తిచేయాలి, సొంత మేనేజర్ ఒప్పుకోవాలి. ఈ రెండూ ముందే కనుక్కోవడం మంచిది.

పిలుపు వచ్చాక మొదట రిక్రూటర్ ఫోన్‌లో మాట్లాడతారు. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించేవాళ్లు జారిపోయేది ఆ తర్వాతి ఇంటర్వ్యూల్లో. 2004 ఏప్రిల్ 1న గూగుల్‌లో ప్రోడక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూకు వెళ్లిన సుందర్ పిచాయ్‌ను ఆ రోజే విడుదలైన జీమెయిల్ గురించి అడిగారు. అది ఏప్రిల్ ఫూల్ వేళాకోళమేమో అనుకున్నాడు, పైగా దాన్ని వాడలేదు కూడా. ఇంటర్వ్యూ చేసినవారిలో నాలుగో మనిషి చూశావా అని అడిగితే లేదనే చెప్పాడు. ఆ మనిషి దాన్ని చూపించాకే ఐదో మనిషికి తన అభిప్రాయం చెప్పగలిగాడు.

ఈసారి కాదంటే చాలా కంపెనీలు అదే పోస్టుకు మళ్లీ దరఖాస్తు చేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా గడువు పెడతాయి. కాకపోతే ఆ లెక్క ఎక్కువ చోట్ల ఇంటర్వ్యూ అయ్యాకే మొదలవుతుంది. ఇంటర్వ్యూ దాకా రాకుండా ఆగిపోయిన రెజ్యూమెను తిరగరాసి, పసుపు యార్డును అందులో చేర్చి, మరో పోస్టు పడిన రోజునే పంపుకోవచ్చు.