ఆటలకు నెల ముందు నగరం

అంతర్జాతీయ క్రీడాపోటీలకు వేదికయ్యే ఊరిని ఆతిథ్య నగరం అంటారు. పోటీలు జరిగే పది పదిహేను రోజుల్లో ఆ నగరం అతిథుల కోసం ముస్తాబై ఉంటుంది కాబట్టి, అది నిజంగా ఎలా నడుస్తుందో తెలుసుకోదలచినవారు ప్రారంభోత్సవానికి నెల రోజుల ముందే అక్కడికి వెళ్లాలి. అప్పటికి రంగులు పూర్తికావు, సెంట్రింగు కర్రలు దిగవు, కంకర కుప్పలు రోడ్డు వారనే ఉంటాయి, ఆ కట్టడాలను లేపుతున్న మనుషులు ఇంకా అక్కడే కనిపిస్తారు. నారాయణపేట జిల్లాలోని కోస్గి వంటి ఊళ్లకు ఈ చూపు కొత్తది కాదు. వానను నమ్ముకున్న చేలల్లో పని తగ్గగానే హైదరాబాదుకో, ముంబైకో, పుణెకో తరలిపోయే పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) కుటుంబాలు తరతరాలుగా నగరాలను పని జరుగుతున్న దశలోనే ఎరుగుదురు. పని ముగిసిన నగరంతో వారికి పరిచయం తక్కువ.

హైదరాబాదు 2002 డిసెంబరులో జాతీయ క్రీడలకు, 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 వరకు ఆఫ్రో-ఆసియా క్రీడలకు, 2007 అక్టోబరులో ప్రపంచ సైనిక క్రీడలకు ఆతిథ్యమిచ్చింది. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టుకున్న గచ్చిబౌలి స్టేడియం, యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం ఈ క్రీడల మూలంగానే నగర పటంలో స్థిరపడ్డాయి. అదే 2002 దేశమంతటా కరువు సంవత్సరం కూడా. పరిగి, చేవెళ్ల మీదుగా వచ్చే పాలమూరు కూలీకి నగరపు పడమటి అంచు మొదట ఎదురవుతుంది, ఆ ఏళ్లలో కట్టుబడి పనులు జోరందుకున్నదీ ఆ దిక్కునే. ఒక జిల్లాలోని ఎండిన చేను, పొరుగున ఉన్న నగరపు ఉత్సవం ఒకే సంవత్సరంలో పడితే, ఆ చేనులోని చేతులు ఆ నగరానికి చౌకగా దొరుకుతాయన్నది కఠినమైన నిజం.

ఆటల కట్టడానికీ మామూలు కట్టడానికీ ఉన్న ప్రధాన భేదం గడువులో ఉంది. ఇల్లు నెల ఆలస్యమైతే గృహప్రవేశపు ముహూర్తం మారుతుంది గాని, ప్రారంభోత్సవపు తేదీ మారదు. టోక్యో ఒలింపిక్స్‌ను ఏడాది వాయిదా వేయడానికి ప్రపంచాన్ని చుట్టుముట్టిన మహమ్మారి కావలసి వచ్చింది. కాంక్రీటు సైతం తొందరకు లొంగే పదార్థం కాదు. స్లాబు వేశాక దాన్ని ఆరకుండా కనీసం వారం రోజులు తడపాలి, ఇంజనీర్లు దాని బలాన్ని లెక్కగట్టేది 28వ రోజున. తాపీ పని చేసే నిపుణుణ్ణి తెలంగాణలో సుతారి అంటారు; సిమెంటు మాలు ఎంతసేపట్లో గట్టిపడుతుందో, తడి గోడ మీద ఎప్పుడు పూత వేయరాదో అతనికి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. తేదీ జరగనప్పుడు, సిమెంటు తొందరపడనప్పుడు, మధ్యలో కుదించడానికి మిగిలేది మనిషి నిద్ర, అతని సెలవు, అతని భద్రత మాత్రమే. అందువల్ల ఒక క్రీడోత్సవం ఎంత న్యాయంగా సిద్ధమవుతున్నదో ఆ చివరి నెల రాత్రి పాళీల్లో తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

గడువు బరువు కూలీ దాకా దిగివచ్చే దారి పేరు గుంపు మేస్త్రీ. ఊళ్లో అడ్వాన్సు ఇచ్చి పది ఇరవై మందిని గుంపుగా కూర్చి, పనిచోటికి తీసుకుపోయి, గుత్తేదారుకూ గుంపుకూ నడుమ నిలిచే మనిషి అతడు. అడ్వాన్సు ఇంట్లో పెళ్లికో, విత్తనాలకో, వైద్యానికో ముందే ఖర్చయిపోతుంది. తరువాత చేసే పని ఆ బాకీలో జమ అవుతుంది, కనుక పని నచ్చకున్నా కూలీ తిరిగి రాలేడు. మేస్త్రీ కూడా చాలాసార్లు ఆ ఊరివాడే, వారి చుట్టమే. అతణ్ణి ఒక్కణ్ణే దోషిగా నిలబెట్టడం తేలిక గాని, అతని పైన కూర్చున్న వ్యవస్థను అది దాచిపెడుతుంది.

ఈ పద్ధతి మీద దేశంలో పేరొందిన న్యాయవిచారణ ఒకటి ఆటల పండుగ ముంగిటనే జరిగింది. 1982 నవంబరు 19న ఢిల్లీలో ఆసియా క్రీడలు మొదలు కావలసి ఉండగా, పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ అనే పౌరహక్కుల సంస్థ రాసిన లేఖనే పిటిషనుగా స్వీకరించిన సుప్రీంకోర్టు సెప్టెంబరు 18న తీర్పు చెప్పింది. అప్పటి కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. జమాదారు, అంటే ఉత్తరాది గుంపు మేస్త్రీ, మనిషికి ఒక రూపాయి తీసుకుని 8 రూపాయల 25 పైసలే చేతికిచ్చేవాడు. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందనీ, ఆకలి బలవంతం కూడా బలవంతమేననీ, పని గుత్తకిచ్చినంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరదనీ న్యాయమూర్తి పి.ఎన్. భగవతి, జస్టిస్ బహరుల్ ఇస్లాంల ధర్మాసనం తేల్చింది. క్రీడల మూలంగా ఈ దేశానికి దక్కిన వాటిలో ఏ పతకం కన్నా ఈ తీర్పే విలువైనది. అయినా 2010 కామన్వెల్త్ క్రీడల ముందు అదే ఢిల్లీలో హైకోర్టు నియమించిన కమిటీ మళ్లీ కనీస కూలి దక్కని వారిని చూసింది. ప్రారంభానికి పన్నెండు రోజుల ముందు ప్రధాన స్టేడియం దగ్గర పాదచారుల వంతెన కూలి పనివారు గాయపడ్డారు. ఉత్తర తెలంగాణ జిల్లాల వలస ఎక్కువగా గల్ఫు వైపు సాగింది; 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ముందటి ఖతార్‌లోనూ కూలి, భద్రతల గురించి ఇదే ప్రశ్న మరో భాషలో వినిపించింది.

చట్టం దగ్గర కోస్గివారికి ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రాష్ట్రపు గీత దాటినవారికే వర్తించింది. ముంబైకి వెళ్లిన కూలీకి దొరికే ఆ రక్షణ, అదే గుంపు హైదరాబాదుకు వెళ్తే దొరికేది కాదు. ఆ చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 వృత్తి భద్రతా స్మృతి నిబంధనలు వర్తించడానికి ఒక చోట ఉండవలసిన వలస కార్మికుల కనీస సంఖ్యను అయిదు నుంచి పదికి పెంచింది, కాబట్టి చిన్న గుంపులను పనిలో పెట్టుకునే చోట్లు ఆ నిబంధనల నుంచి జారిపోయే వీలు పెరిగింది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాదుకు దక్కాయి. అక్కడికి ముందుగా వెళ్లే తెలుగు పాత్రికేయులు స్టేడియం పైకప్పుతో పాటు హాజరు పుస్తకాన్ని కూడా చూడాలి. కూలి ఎవరి చేతికి అందుతున్నదో, అడ్వాన్సు ఏ ఊళ్లో ఇచ్చారో, గుంపులో ఎందరున్నారో అడగాలి. పాలమూరులో పుట్టినవారికి ఈ ప్రశ్నలు ఎవరూ నేర్పనక్కరలేదు.