రోగాన్ని అడిగే వీసా, మనిషిని అడిగే వీసా

అక్కినేని నాగేశ్వరరావు 1974లో గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్లారు. 1984లో ఎన్టీఆర్ కూడా అదే పని మీద వెళ్లొచ్చారు. ఇప్పుడు గుండెకోసం దిల్‌సుఖ్‌నగర్ వాళ్లెవరూ సముద్రం దాటక్కర్లేదు. పైగా విదేశీ రోగులే హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తున్నారు. అయినా అరుదైన జబ్బు చేసినప్పుడు అమెరికా వైపు చూసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అందుకే వైద్యం కోసం మనమిచ్చే వీసానూ, మనమడిగే వీసానూ పక్కపక్కన పెట్టి చూడటం అవసరం.

కాగితాల దగ్గర పెద్ద తేడా లేదు. ఇండియా ఈ-మెడికల్ వీసాకు ఇక్కడి ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఇచ్చిన లేఖ కావాలి. అమెరికా వాళ్లు మన డాక్టరు రాసిన రోగ నిర్ధారణ అడుగుతారు. ఎన్నాళ్లు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో అక్కడి ఆసుపత్రి రాసిచ్చిన లేఖ అడుగుతారు. ఆ డబ్బు ఎవరు కడతారో ఆధారం చూపమంటారు.

తేడా అంతా ఆ కాగితాలను చదివే తీరులో ఉంది. మన ఈ-వీసాలో 2017 నుంచి వైద్యానికి వేరే గది ఉంది. వెంట వచ్చే ఇద్దరు సహాయకులకూ విడిగా వీసా ఉంది. రోగి ఇంట్లో కూర్చునే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో మాత్రం బీ2 అనే సందర్శక వీసా కింద టూరిజం, మెడికల్ ట్రీట్‌మెంట్ ఒకే వరసలో ఉంటాయి. నయాగరా చూడబోయేవారూ, కీమోకు పోయేవారూ ఒకే క్యూ. ఎల్బీ నగర్‌లో రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో బ్లూ లైన్‌కు మారి, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రంలో వేలిముద్రలిచ్చి, మరోసారి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు ఇంటర్వ్యూకు వెళ్లాలి. అత్యవసరమైతే తేదీ ముందుకు జరపమని అడగొచ్చు. కానీ ముందు ఫీజు కట్టి, మామూలు తేదీ తీసుకున్నాకే. తోడు వెళ్లే మనిషికి వేరే ఫారం, వేరే ఫీజు. రోగికి వీసా వచ్చి తోడుకు రాకపోవడమూ జరగొచ్చు.

ఇక అమెరికా వలస చట్టంలోని 214(బీ) సెక్షన్. వచ్చేవాడు అక్కడే ఉండిపోతాడని అధికారి ముందే అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది మనం. కొత్తపేటలో ఉండే తల్లికి డాలస్‌లో కొడుకున్నాడనుకోండి. "ఖర్చంతా మా అబ్బాయి పెట్టుకుంటాడండీ" అన్న మాట డబ్బు ప్రశ్నకు గట్టి జవాబు. "తిరిగి వస్తారా?" అన్న ప్రశ్నకు అదే మాట ఎదురు తిరుగుతుంది. కాదంటే అప్పీలు లేదు, కట్టిన ఫీజు వెనక్కి రాదు.

ఇంతవరకూ మన వీసాదే పైచేయి. అలాగని మురిసిపోనక్కర్లేదు. ఈ-మెడికల్ గడువు 60 రోజులు, అందులో మూడుసార్లు రావొచ్చు. కీమో కోర్సు గానీ, కిడ్నీ మార్పిడి తర్వాతి పరీక్షలు గానీ ఆ గడువుకు లొంగవు. అప్పుడు గడువు పెంచమని విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్ఆర్ఆర్ఓ) చుట్టూ తిరగాలి. అమెరికా వీసా ఒక్కసారి చేతికొస్తే మనవాళ్లకు సాధారణంగా పదేళ్లు పనికొస్తుంది, తర్వాతి చెకప్‌లకు మళ్లీ ఇంటర్వ్యూ బాధ ఉండదు.

అసలు లోపం ఇంకొకటుంది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమయ్యాక, దేశం బయట ఉన్న ఆఫ్ఘన్ల పాత వీసాలన్నీ ఇండియా చెల్లవంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తానీల మెడికల్ వీసాలకు 29వ తేదీని ఆఖరు గడువుగా పెట్టింది. భద్రత ప్రభుత్వం బాధ్యతే, కాదనం. కానీ రోగం పేరు చెప్పి ఇచ్చిన వీసాను పాస్‌పోర్టు చూసి తీసేస్తే, వేరే గది కట్టి ఏం లాభం?

రూపకల్పనలో మనదే మేలు, నిలకడలో వాళ్లది. గుమ్మం దగ్గర కాదంటే రోగి ఇంకో దారి వెతుక్కుంటాడు. సగం వైద్యంలో పొమ్మంటే ఆ వీలూ ఉండదు. అందుకే మనం దిద్దుకోవాల్సింది ముందుంది: చికిత్స మొదలుపెట్టాక గడువు చెప్పాల్సింది వైద్యం చేస్తున్న డాక్టరు. అమెరికా చేయాల్సింది ఇంకా తేలిక. ఆసుపత్రి లేఖ అడిగి తెప్పించుకున్నాక, కనీసం దాన్నిబట్టి జవాబివ్వాలి.