తెడ్డు మోసుకొచ్చిన పాట

'జార్స్ ఆఫ్ క్లే' అమెరికా క్రైస్తవ రాక్ బృందం. 1995 నాటి 'ఫ్లడ్' పాటతో చర్చి గోడలు దాటి వినబడింది. ఇరవయ్యేళ్లు పాడాక 2013లో 'ఇన్‌లాండ్' తెచ్చింది. ఒంటరితనం, మద్యం, గొడవ తర్వాతి బతుకు దీని పాటలు. జవాబు చెప్పేసే తొందర వీటిలో లేదు. మా ఊరి ప్రార్థనలో గొంతు వణికితే విశ్వాసం తక్కువంటారు. వీళ్లు వణుకు దాచలేదు.

పేరు పాట వింటుంటే హోమర్ చెప్పిన ఒడిస్సియస్ గుర్తొచ్చాడు. సముద్రమెరగని మనుషులు దొరికేదాకా పడవ తెడ్డు భుజానేసుకుని లోతట్టుకు నడవాలతను. ఎదురైనవాడు దాన్ని ధాన్యం తూర్పారబట్టే సాధనం అనుకుంటాడట. ఆ ఎదురైనవాడు మన కొండవాడే అనిపించింది!

టకర్ మార్టీన్ చేతిలో ధ్వని కొన్నిచోట్ల మరీ నునుపైంది. అక్కడ నాకు గరుకుదనమే కావాలి.