షట్టరు దించిన రోజు కూలి

విజయవాడ ఆటోనగర్‌ మెకానిక్ షెడ్లలో పని నేర్చుకోవడం పానాల నంబర్లతో మొదలవుతుంది. మేస్త్రీ ఇంజన్ మీద నుంచి తలెత్తకుండా "ఒరేయ్, పన్నెండు పదమూడు పట్రా" అని కేకేస్తే, కుర్రాడు పెట్టెలో చేత్తో తడిమి ఆ పానాయే అందించాలి. అది వచ్చాక ఆయిల్ మార్చడం, చెయిన్ బిగించడం, ఆపైన కార్బురేటర్. ఇంజన్ విప్పనిచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. సిలబస్ ఉండదు. మేస్త్రీ టీకి పోతూ "నువ్వు కానీ" అన్నాడంటే పాసైనట్టు.

బండి బాగుచేయించుకునే వంకతో అక్కడ కూర్చుని చూడటం నాకు అలవాటు. మేస్త్రీలు స్పార్క్ ప్లగ్గు విప్పి, దాని మూతి రంగును బట్టి జబ్బు చెప్పేవారు. నల్లగా మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, తెల్లగా పాలిపోయిందంటే చాలడం లేదు, బిస్కెట్ రంగులో ఉంటే ఢోకా లేదు. నాడి పట్టి చెప్పే వైద్యమే! అలాగని ఈ చదువును గురుకులమంటూ పొగిడేవాళ్లను చూస్తే నాకు చిరాకు. దీని వెనక చెంపదెబ్బలున్నాయి, జీతం లేని ఏళ్లున్నాయి, బడి మానేసి వచ్చిన పిల్లలున్నారు.

2020 ఏప్రిల్ 1న దేశం వాహన కాలుష్య ప్రమాణాల్లో బీఎస్-4 నుంచి ఏకంగా బీఎస్-6కి దూకింది. కొత్త బైకుల్లో చాలావాటికి కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు ఎంత పోయాలో ఇప్పుడు సెన్సర్లను అడిగి ఓ చిన్న కంప్యూటర్ తేలుస్తుంది. జబ్బు తెలియాలంటే స్కానర్ తగిలించాల్సిందే. ఇక ఎలక్ట్రిక్ స్కూటరుకైతే చూడటానికి ప్లగ్గు లేదు, వినడానికి ట్యాపెట్ల చప్పుడూ లేదు.

కార్మికులు కొత్త నైపుణ్యాలు నేర్చుకోవాలని సభల్లో చెబుతుంటారు. ఈ హితబోధకు నేను తలూపలేను. నేర్చుకోవడానికి షెడ్డువాళ్లు వెనకాడింది ఎప్పుడు? రాత్రి షట్టరు వేశాక యూట్యూబ్‌లో హిందీ, తమిళ మెకానిక్‌ల వీడియోలు చూసి, సెన్సర్ వోల్టేజీని మల్టీమీటరుతో కొలవడం నేర్చుకున్నవాళ్లున్నారు. చిక్కు వేరే చోట ఉంది. పాత బండి విప్పితే అదే పాఠం చెప్పేది, కొత్త బండి విప్పినా నోరు మెదపదు. వైరింగ్ డయాగ్రములు, ఎర్రర్ కోడ్ల అర్థాలు, కంప్యూటర్‌లోకి వెళ్లే దారి ఎక్కువగా కంపెనీ సర్వీస్ సెంటర్ల చేతిలోనే ఉంటాయి. 2022 డిసెంబరులో కేంద్రం వాహనాలను కూడా చేర్చి రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెరిచింది. అది పోర్టలే గాని చట్టం కాదు.

పని నేర్పడానికి చట్టమంటే అప్రెంటిస్‌ల చట్టం ఒకటుంది, 1961 నాటిది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నచోట అది యజమాని ఇష్టం. ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లు ఉన్న షెడ్డు ఆ లెక్కలోకే రాదు. ఐటీఐ ఉంది కదా అంటారు. పదో తరగతి దాటిన కుర్రాళ్ల పక్క బెంచీలో నలభై ఏళ్ల మేస్త్రీ రెండేళ్లు కూర్చోగలడా?

"ఎలక్ట్రిక్ బళ్ల మీద ట్రైనింగు ఎక్కడైనా ఉచితంగా ఇస్తే వెళ్తావా మేస్త్రీ?" అని అలాంటి షెడ్డులోనే ఒకతన్ని అడిగాను.

"ఎందుకు వెళ్లనండీ! కానీ వారం రోజులు షట్టరు దించితే అద్దె ఎవరు కడతారు? ఈ ఇద్దరు కుర్రాళ్లకూ కూలి ఎవరిస్తారు?"

ఈ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర సగం జవాబు ఉంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణకు వచ్చినవారికి రోజుకు 500 రూపాయల స్టైపెండు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉన్నాయి. కూలి పోగొట్టుకుని ఎవరూ చదువుకు రారని అది రాసినవాళ్లకు తెలుసు. అయితే ఆ 18 వృత్తుల జాబితాలో పడవలు చేసేవారున్నారు, తాళాలు చేసేవారున్నారు, మోటారు మెకానిక్ లేడు. అతన్నీ చేర్చి, సాయంత్రాలు ఐటీఐ వర్క్‌షాపులు షెడ్డువాళ్లకు తెరిచిపెడితే, ముందు పగటి బేరం పోకుండా ఉంటుంది.