అధికార శబ్ద విమర్శనము: నంద్యాల, ఆళ్లగడ్డ సీమల నిదర్శనములు

లోకమున "అధికారము" అనఁగా నుద్యోగమనియు, చెల్లుబడి యనియు నర్థము చెప్పుదురు. వ్యాకరణశాస్త్రమున నీ శబ్దమునకు సూక్ష్మతరమైన యర్థము గలదు. అధికారసూత్రము తానున్నచోట స్వతంత్రకార్యము నేదియుఁ జేయదు. తరువాతి సూత్రములందు ననువర్తించి వాని యర్థమును బూరించును. దాని నెఱుఁగుటకుఁ బాణిని స్వరితమును గుర్తుగా నేర్పఱచెను. ఆ గుర్తులు పాఠమున లుప్తములైనందున, ఏ పద మెందాఁక ననువర్తించునో వ్యాఖ్యాతల సంప్రదాయమువలననే తెలియవలసి యున్నది. రాజకీయాధికారమును విచారించువారికి నీ దృష్టాంత మెంతయు నుపకారకము. ప్రభుత్వపు పట్టికలందుఁ బేరు గలవాఁడే యధికారి యనుట, గుర్తు లేని పుస్తకమును జూచి యనువృత్తియే లేదనుట వంటిది.

పాశ్చాత్య సమాజశాస్త్రజ్ఞులలో మాక్స్ వెబర్ చెల్లుబడికి సంప్రదాయము, వ్యక్తిమహిమ, చట్టము నను మూఁడు మూలములను జెప్పెను. గయటానో మోస్కా యే సంఘమునందైనను నల్పసంఖ్యాకులే యేలుదురని వాదించెను. మైసూరు సీమలో నొక గ్రామమును బరిశీలించిన ఎం. ఎన్. శ్రీనివాస్, సంఖ్యాబలమును భూమియుఁ బలుకుబడియుఁ గల కులమును "ప్రాబల్యకులము" గా వర్ణించెను. ఈ మతములన్నియు గ్రాహ్యములే. ఏదో యొక్కటియే చాలునన్నచో దోషము సంభవించును.

కోయిలకుంట్ల ప్రాంతముతోఁగూడిన దత్తమండలములు 1800లో నిజామునుండి కుంపిణీవారికిఁ జేరెను. కలెక్టరు థామస్ మన్రో పాలెగాండ్ర బలము నడఁచి, పలువురకు భరణము లేర్పఱచెను. పట్టికలఁ బట్టి చూడఁగాఁ బాలెగాని యధికార మంతటితో ముగిసినది. అయినను 1846లో, నొస్సము వంశపు భరణము తనకు దక్కని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపైఁ బడినప్పుడు జనము గుంపులుగా వెంట నడచిరి. వారిలోఁ గట్టుబడివారు ముఖ్యులు. గ్రామములకుఁ గావలి గాచిన వారి యినాములకుఁ గుంపిణీవలన ముప్పు వాటిల్లుచుండెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీని నరసింహారెడ్డి యురిదీయఁబడెను. ఇచట వెబరు చెప్పిన సంప్రదాయ మొక్కటియే హేతువు గాదు. పరసూత్రమున కాకాంక్ష యున్నప్పుడే పూర్వపద మనువర్తించును. కట్టుబడివారి యాకాంక్షయే పాలెగాని పేరును మరల బ్రదికించినది.

నంద్యాల మఱియొక నిదర్శనము. 1991 జూన్ 21న ప్రధానమంత్రి యైన పి. వి. నరసింహారావు నాఁటికిఁ బార్లమెంటు సభ్యుఁడు గాఁడు. నంద్యాల సభ్యుఁడు గంగుల ప్రతాపరెడ్డి తన స్థానమును విడువఁగా, నా యుపయెన్నికలో నాతఁ డైదులక్షల యెనుబదివేలకు మించిన యాధిక్యముతో గెలిచెను. తెలుగువాఁడు ప్రధాని యయ్యెనని తెలుగుదేశమువారు పోటీకి నిలువలేదు. దేశమంతట నాజ్ఞ చెల్లించువానికిని నొక సీమవారి తోడ్పాటు కావలసివచ్చినది. కావున నధికారము పైనుండి క్రిందికే ప్రవహించు ననుట సాధువు గాదు.

ఆళ్లగడ్డ కథ శోకావహము. 2014 ఏప్రిలులో శాసనసభాభ్యర్థిని భూమా శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదమున మరణించిరి. అప్పటికే జాబితాలోఁ జేరిన యామె పేరు నిలిచి యుండెను; మే నెల పోలింగులో నామెయే గెలిచిరి. ప్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచునని శాస్త్రము చెప్పుచున్నది. పిదప జరిగిన యుపయెన్నికలో నామె కుమార్తె అఖిలప్రియ పోటీలేకయే యెన్నికైరి. ఇదియే యనువృత్తి. 2019లో గంగుల బ్రిజేంద్రరెడ్డి గెలువఁగా నది నివర్తించెను. 2024లో మరల అఖిలప్రియ గెలిచిరి.

ఈ రెండు కుటుంబములును నొక్క కులమువే. ప్రాబల్యకులవాద మా కులమువారు ముందుండుటకుఁ గారణము చెప్పఁగలదు గాని, వారిలో నెవ్వ రెప్పు డోడుదురో చెప్పఁజాలదు. ఆ నిర్ణయము ఓటరులదే. ఇంతమాత్రమున ఓటరు స్వతంత్రుఁడైన కర్త యని సంతసింపవచ్చునా? అతఁడు పేరును మార్చుచున్నాఁడు. పేర్ల పట్టికను మార్చుట యరుదుగా నున్నది. కర్తను బ్రేరేపించువానికి హేతువని పేరు. కర్నూలు-కడప కాలువనీటికిని, అప్పునకును, ఠాణాలో మాట సాయమునకును నొక పెద్దయింటి గడప ద్రొక్కవలసిన రైతు ఓటు వేయుటలోఁ గర్త యగుచున్నను, హేతువు వేఱొకఁడు.

కావున "ఎవఁ డధికారి?" యను ప్రశ్నకు ముందు "ఎవని యాకాంక్ష యధికారమును లాగుకొని వచ్చుచున్నది?" అని యడుగుట న్యాయము. తనకు ధర్మముగా రావలసినది పరుల సిఫారసు లేక రైతునకు దొరకిననాఁడు, ఆకాంక్ష తీరి యనువృత్తి తానే నివర్తించును. అందాఁకఁ బుస్తకమున స్వరితము కానరాకున్నను, దానిని జదువ నేర్చిన గ్రామస్థుఁడే యీ విషయమున వ్యాఖ్యాత; పండితులు వాని యొద్దఁ బాఠము వినుట యుక్తము.