మార్చుకోదగిన జవాబు

కంప్యూటర్ పరీక్షలో జవాబును ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు కనుక ఆలోచించే శ్రమ సగానికి సగం తగ్గిపోయిందన్న మాట ఈ వారం నంద్యాల శిక్షణ తరగతుల్లో మరోసారి వినిపించింది. బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపడి, గదులు అద్దెకు తీసుకుని నెలల తరబడి చదివే యువతతో నిండిన ఊళ్లో ఇది విని వదిలేయదగిన మాట కాదు. కాగితం మీద, దిద్దుకోవడానికి వీల్లేకుండా రాసే పరీక్షే మనసును నిలకడగా ఉంచుతుందన్నది ఈ కాలమ్ పాతవాదమని నిత్య పాఠకులకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ ఎంసెట్ 2017లో కంప్యూటర్‌కు మారేదాకా ఓఎంఆర్ పత్రం మీద, అంటే యంత్రం చదివే జవాబు పత్రం మీద, బాల్ పెన్నుతో ఒకసారి నింపిన వృత్తాన్ని చెరపడం కుదిరేది కాదు. ఆ భయమే నింపే ముందు లెక్కను మరొకసారి సరిచూసుకునే అలవాటు నేర్పిందని ఈ కాలమ్ నమ్ముతూ వచ్చింది.

నంద్యాల నుంచి కడప దారిలో తగిలే ఆళ్లగడ్డలోని శిల్పుల పని ఆ నమ్మకానికి దగ్గర్లోనే దొరికే సాక్ష్యంలా కనిపిస్తుంది. దేవతా విగ్రహానికి ఎంచుకున్న రాతి మీద ముందుగా తాళమానం ప్రకారం కొలతలు పడతాయి. తాళమంటే విగ్రహపు ముఖం పొడవు. దానిని 12 అంగుళాలుగా విభజించి, ఏ మూర్తి ఎన్ని తాళాల ఎత్తు ఉండాలో శిల్పశాస్త్రం నిర్ణయించింది. ఈ అంగుళం బడి స్కేలు మీది అంగుళం కాదు, విగ్రహం పెద్దదైతే తానూ పెరిగే కొలత. మధ్యరేఖ గీసి, దానికి అటూ ఇటూ భుజాలు, నడుము, మోకాళ్లు ఎక్కడ రావాలో గుర్తించాక గానీ శిల్పి ఉలి పట్టడు. ముక్కు దగ్గర పెచ్చు ఎగిరిపోతే అతికించి గుడిలో నిలబెట్టడం కుదరదు, ఎందుకంటే భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. అందుకే ముక్కుకు కావలసినదానికంటే ఎక్కువ రాయి వదిలిపెట్టి, చుట్టూ చెక్కుకుంటూ చివరికి దాని దగ్గరికి వస్తారు. కోత యంత్రాలు వచ్చి మొదటి దశ వేగం పుంజుకున్నా ఈ వరుస మారలేదు.

అయితే అదే పనిని ఇంకాస్త నిదానించి చూస్తే శిల్పి ఆలోచన సాగేది ఉలి దెబ్బలో కాదని, గీతలోనని తెలుస్తుంది. గీత తప్పనిపిస్తే చెరిపి మళ్లీ గీసే స్వేచ్ఛ అతనికి ఉంది. ఓఎంఆర్ పత్రం విద్యార్థి చేతికి నేరుగా ఉలి ఇచ్చింది. దిద్దుకోలేకపోవడం రాతి గుణమే తప్ప ఆలోచన గుణం కాదన్న సంగతి ఈ కాలమ్ ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

మొదట తోచిన జవాబును మార్చవద్దని తరగతుల్లో చెప్పే హితవు కూడా ఇక్కడే వీగిపోతుంది. జస్టిన్ క్రూగర్, సహ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఇలినాయ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల 1,561 పరీక్ష పత్రాల మీద చెరిపివేతల గుర్తులను పరిశీలించగా, మార్పుల్లో 51 శాతం తప్పు నుంచి ఒప్పుకు, 25 శాతం ఒప్పు నుంచి తప్పుకు జరిగాయని, మిగిలినవి ఒక తప్పు నుంచి ఇంకొక తప్పుకు పోయాయని తేలింది. అయినా విద్యార్థులకు గుర్తుండిపోయేది మార్చి పోగొట్టుకున్న మార్కే. మార్చి సంపాదించినది గుర్తుండదు.

అంతమాత్రాన తెర శ్రమను తగ్గించిందనుకోవడం సరికాదు. ఒక పనికి మనసు కేటాయించే శక్తిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు మానసిక శ్రమ అంటారు. దానిని విద్యార్థి చేతే 9 అంచెల కొలమానం మీద గుర్తింపజేసే పద్ధతిని 1992లో ఫ్రెడ్ పాస్ ప్రవేశపెట్టాడు. ఎనిమిది మంది గుండ్రని బల్ల చుట్టూ కూర్చున్నారన్న రీజనింగ్ ప్రశ్నను తీసుకుంటే, షరతులన్నీ తెర మీద ఉంటాయి, బొమ్మ మాత్రం రఫ్ కాగితం మీద గీసుకోవాలి. ప్రతి షరతుకూ తల ఎత్తి, దించి, ఎక్కడ ఆపిందీ మళ్లీ వెతుక్కోవాలి. ప్రశ్నపత్రం చేతిలో ఉన్నప్పుడు వాడేసిన షరతు పక్కన టిక్కు పెట్టుకుంటే సరిపోయేది. ఈ తల ఎత్తి దించే శ్రమ తర్కానికి సంబంధించింది కాదు గానీ తర్కానికి దక్కాల్సిన శక్తినే తినేస్తుంది. పైగా తెర మీద చదివినవారు తమకు వచ్చినదానికంటే ఎక్కువ వచ్చిందని అంచనా వేసుకుంటారని 2011లో రాకెఫెట్ అకర్‌మన్, మోరిస్ గోల్డ్‌స్మిత్ చేసిన ప్రయోగాలు చూపాయి. కంప్యూటర్ పరీక్ష తేలిక అన్న విద్యార్థి మాటను ఈ వెలుగులో వినాలి: అతనికి తేలికైంది వృత్తం నింపడమే, ఆలోచించడం కాదు.

అసలు ఇబ్బంది తెర కంటే ఒక్కో విభాగానికి వేసే తాళంలో ఉంది. బ్యాంకు అధికారుల ఎంపికకు జరిగే ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కు 30, గణితానికి 35, రీజనింగ్‌కు 35 ప్రశ్నలు, ఒక్కో విభాగానికి 20 నిమిషాలు. గడువు తీరగానే ఆ విభాగం మూసుకుపోతుంది, తిరిగి చూద్దామని ఊదా రంగు గుర్తు పెట్టుకున్న ప్రశ్న అక్కడే ఉండిపోతుంది. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలిచ్చే, ఎంసెట్‌కు ఇప్పటి పేరైన ఏపీ ఈఏపీసెట్‌లో ఈ తాళం లేదు, గణితంలో మిగిల్చుకున్న నిమిషాలు రసాయనశాస్త్రానికి పనికొస్తాయి. మార్చుకునే స్వేచ్ఛే కంప్యూటర్ తెచ్చిన మేలైనప్పుడు దానికి 20 నిమిషాల గోడ కట్టడం అన్యాయం, ఆ గోడ తీసేయాలి. అది జరిగేలోగా శిక్షణ కేంద్రాలు చేయగలిగిన పని ఒకటుంది: ప్రతి నమూనా పరీక్ష తర్వాత మార్కులతో పాటు, ఆ విద్యార్థి మార్చిన జవాబులెన్ని, వాటిలో కలిసొచ్చినవెన్ని, చేటు తెచ్చినవెన్ని అన్న లెక్కను కూడా అతని చేతిలో పెట్టాలి.